ఐదో మెట్టు మీద గీత

సిరోంచ, మిషను పేట
15 జూలై 1986, మంగళవారం

తెల్లవారకముందు నుంచి ముసురు. గాలి లేదు. ఏటి నీటి మట్టం కొలిచే గేజి రాళ్ళకు పట్టిన నాచు గీకి, అంకెలు కనబడేటట్టు కడిగాను.

తమ్ముడు బాలన్నకు అన్న ఆదయ్య రాసేది. దేవుని కాపుదలలో మేమిద్దరం బాగున్నాం. నువ్వూ, మరదలు మల్లక్కా, పాపా బాగుండాలని రోజూ అడుగుకుంటున్నాం.

ప్రాణహిత ఇంకా తన హద్దులోనే ఉంది. పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకూ చూసి రాస్తున్నాను. ఇంట్లో కప్పు ఒకచోట కారుతోంది. చెప్పుకోదగ్గ సంగతి అంతే.

మీ వదిన సోమక్క ఈ ఉత్తరం రాయమని వారం నుంచి వెంటపడుతోంది. "పాపకు నాలుగు నెలలు నిండినయి. ఆగస్టు పద్నాలుగుకు తీస్కరమ్మని రాయి. ఐదో మెట్టు మీద కాళ్ళు కడగకుంటె అది మన పిల్ల ఎట్లయితది?" అంటోంది. నీకు తెలిసిన సంగతే, కానీ మల్లక్క ఏటపల్లి అడవిలో పుట్టి పెరిగిన పిల్ల. ఆమెకు చదివి వినిపించు.

ఇరవై ఎనిమిదేళ్ళ కింద నేను పన్నెండేళ్ళవాణ్ణి. నువ్వు అమ్మ చంకలో ఉన్నావు. ముందు నుంచి ఏరు వచ్చింది. వెనక వాగు నిండింది. పేట దీవి అయింది. అందరం మందిరంలోకి ఎక్కాం. మందిరానికి ఏడు మెట్లు. నీళ్ళు ఒక్కొక్క మెట్టూ మింగుతూ ఐదో మెట్టు దాకా వచ్చాయి. చీకటి పడుతుండగా నాన్న నడుం లోతు నీళ్ళలో పై గేజి రాయి చూసి వచ్చాడు. మట్టం రాసే రిజిస్టరు నా చేతికిచ్చాడు. ఐదో మెట్టు మీద మోకరించాడు. తెల్లారేసరికి మూడు మెట్లు బయటపడ్డాయి. తరువాత నాన్న ఆ మెట్టు పక్క గోడ మీద తారుతో గీత గీశాడు. అప్పటి నుంచి నీళ్ళు ఆ గీత దాటలేదు. ఏటా ఆ రోజున ఆ మెట్టు మీద కూర్చుని పాడతాం. ఆ ఏడు పుట్టిన పిల్లల కాళ్ళు అక్కడ కడుగుతాం. పిల్లలను ఏరు ఏమీ చేయదని నమ్మకం.

నేను మాటలు రానివాణ్ణి, ప్రసంగాలు చేయలేను. నా విశ్వాసమంతా ఆ సాయంత్రం మీద నిలబడి ఉంది. రండి.

నీ అన్న
ఆదయ్య


ఏటపల్లి, ఆశ్రమశాల
20 జూలై 1986, ఆదివారం

అన్నా, వదినా, దండాలు.

ఉత్తరం మూడు రోజులకే వచ్చింది. బస్సు బురదలో దిగబడకపోవడమే ఈ అడవిలో అద్భుతం.

మల్లక్కకు చదివి వినిపించాను. ఆమె పాపను ఒళ్ళో వేసుకుని కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం కళ్ళు తడవలేదు. కోపపడకు. నువ్వు చేయిపట్టి నడిపించినవాణ్ణి, నీ దగ్గర నటించలేను.

ఈ ఏడు మేం నలుగురు బడి గురుజీలం కలిసి ఊరూరా తిరిగి బాబాల మోసాలు చూపిస్తున్నాం. నాలుక మీద కర్పూరం వెలిగిస్తాను. ఖాళీ చేతిలోంచి బూడిద రాలుస్తాను. జనం నోళ్ళు తెరుస్తారు, తరువాత అది ఎట్లా చేశానో చెబుతాను. మొన్న ఒక తోటి గురుజీ నవ్వుతూ, "అందరి దేవుళ్ళను గీకుతవు గని, మీ సిరోంచల మెట్టు సంగతేంది సార్? అక్కడ నీళ్ళెట్ల ఆగినయి?" అన్నాడు. తల వంచుకున్నాను.

అన్నా, నాన్న గంట గంటకూ నీటి మట్టం రాశాడు కదా. ఆఫీసుకు పంపినవి పోనీ, ఇంట్లో నకలు ఉంచుకునేవాడు. ఆ పెట్టె నీ మంచం కిందే ఉంది. ఆ రోజు పేజీ చూసి ఒక్క సంగతి రాయి. నీళ్ళు దిగడం మొదలైంది ఏ గంటకు? నాన్న మోకరించింది ఏ గంటకు? ఇంత చిన్న ప్రశ్న. నిజమైతే నిజమని నేనే అందరిలో చెబుతాను.

కాళ్ళు కడిగే సంగతి తరువాత చూద్దాం. పాపకు దగ్గు.

నీ తమ్ముడు
బాలన్న


సిరోంచ
26 జూలై 1986, శనివారం

ఎండా వానా కలిసి వచ్చాయి. పైగట్టు కంచె కట్టాను.

తమ్ముడూ, ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను.

బడి నాకు అబ్బలేదని నీకు తెలుసు. అంకెలు నాన్న గేజి రాయి మీద నేర్పాడు. అక్షరాలు బైబిలు మీద నేనే కూడబలుక్కున్నాను. నీ చదువు ముందు నేను వాదించలేను. కర్పూరం వెలిగించేవాడి నాలుకను చూసినట్టు నాన్న మోకాళ్ళను చూస్తున్నావు. అది నా గుండెకు తగిలింది.

పద్నాలుగున నువ్వు వచ్చి మెట్ల మీద నిలబడి అందరి ముందూ గంటలు అడుగుతావా? నర్సక్క ఆ రోజు చంటిబిడ్డతో అక్కడున్న మనిషి. జోగయ్య మామకు ఎనభై దాటాయి. వాళ్ళకు ఇంకేముంది? అట్లా చేయాలనుకుంటే రావద్దు.

నువ్వడిగిన పేజీ లేదు. పెట్టెకు చెద పట్టింది. నాన్న కాగితాలన్నీ మట్టి అయిపోయాయి.

పాప దగ్గుకు మిరియాల కషాయం పట్టమని మీ వదిన చెబుతోంది.

ఆదయ్య


ఏటపల్లి
30 జూలై 1986, బుధవారం

అన్నా,

చెద పట్టిందా? ఒక్క కాగితం కూడా మిగల్లేదా?

నాకు నాన్న ముఖం గుర్తులేదు. నీకు ఆయన గొంతు ఉంది, నడక ఉంది, మోకరించిన వీపు ఉంది. నాకు ఆయన చేతిరాత ఒక్కటే ఉంది. చిన్నప్పుడు నువ్వు గేజి దగ్గరికి పోగానే పెట్టె తెరిచి ఆ అంకెల మీద వేలు పెట్టి దిద్దేవాణ్ణి. అందుకే ఆ పేజీ అడిగానేమో. సైన్సు కోసమని అనుకున్నాను.

మెట్ల మీద నిలబడి నేనెవరినీ ఏమీ అడగను. ఎంత మాట అన్నావు! నీ మనసు నొప్పించినందుకు ఒక పని చేస్తున్నాను. మల్లక్కనూ పాపనూ ఎనిమిదో తారీకు బస్సుకు పంపిస్తున్నాను. పాప కాళ్ళు కడగండి. నాకు నమ్మకం లేదు. కానీ నాన్న మోకరించిన చోట నా బిడ్డ కాళ్ళు పెట్టడానికి నమ్మకం అక్కరలేదు. పదిహేనున జెండా ఎగరేశాక నేనూ బయలుదేరతాను.

మల్లక్క ఇప్పటినుంచే మూట కడుతోంది. "నీ దేవుడు లేనితనం ఇంట్ల పెట్టి రా, బస్సుల జాగ లేదు" అంటోంది.

బాలన్న


సిరోంచ
4 ఆగస్టు 1986, సోమవారం

రెండు రోజులుగా వాన తెరిపి ఇవ్వడం లేదు. ఏరు ఒండ్రు రంగుకు తిరిగింది. గేజి చూసి వచ్చి, పెట్టె మంచం కింద నుంచి లాగాను.

తమ్ముడూ, చెద పట్టలేదు. నేను అబద్ధమాడాను.

నీ ఉత్తరం చదివాక అన్నం దిగలేదు. మంచం కింద ఆ పెట్టె ఉండగా దాని మీద పడుకుని ప్రార్థన చేయలేకపోయాను. పన్నెండేళ్ళప్పుడు ఆ రిజిస్టరు నా చేతిలోనే ఉంది. అప్పుడు అంకెలు పూర్తిగా రావు. తరువాత వచ్చాయి, అయినా ఆ పేజీ ఎన్నడూ తెరవలేదు. ఎందుకు తెరవలేదో నాకు తెలుసు. ఇప్పుడు తెరిచాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సాయంత్రం నాలుగు గంటలు: ఐదో మెట్టు. ఐదు గంటలు: అంతే. ఆరు గంటలు: రెండు అంగుళాలు తక్కువ. ఏడు గంటల గడి ఖాళీ.

నాన్న మోకరించింది ఆరు దాటాక. రిజిస్టరు నా చేతికిచ్చినప్పుడు సిరా ఇంకా ఆరలేదు, నా బొటనవేలికి అంటింది. ఆ వేలిముద్ర పేజీ మీద ఉంది. నీళ్ళు దిగుతున్నాయని తన చేతితో రాసి, తరువాత మోకరించాడు. తెలిసి మోకరించాడు. మరి మేం ఇన్నేళ్ళు

ఇక రాయలేను. మల్లక్కనూ పాపనూ పంపవద్దు. ఈ ఏడు వద్దు. ఎందుకని అడగకు.

ఆదయ్య


ఏటపల్లి
9 ఆగస్టు 1986, శనివారం

అన్నా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. వాళ్ళు పొద్దుటి బస్సుకే పోయారు. అహేరిలో ఆగి, మల్లక్క పిన్ని ఇంట్లో ఒకరోజు ఉండి పదో తారీకుకు నీ దగ్గరికి చేరతారు.

చెద అని నన్ను ఏడిపించావు. ఇప్పుడు పేజీ ఉంది, కానీ బిడ్డ రాకూడదు అంటున్నావు. అర్థమైంది. సంగతి బయటపడింది కనుక దాచిపెట్టడానికి మేం దూరంగా ఉండాలి. నేను ఎవరికీ చెప్పను, నీ మెట్టు నీకే ఉంచుకో. మల్లక్కను మాత్రం చిన్నబుచ్చకు. ఆమెకు ఇవేవీ తెలియవు. నీ మీద గౌరవంతో వస్తోంది.

నాన్న మోసం చేశాడని నేను అనలేదు. ఆ మాట నీ ఉత్తరంలోనే సగంలో ఆగిపోయింది. పూర్తి చేసే ధైర్యం నీకే లేదు.

ఇక్కడ వాన ఆగడం లేదు. అల్లపల్లి దారిలో చెట్లు పడ్డాయంటున్నారు. బస్సులు ఎన్నాళ్ళు నడుస్తాయో తెలియదు. వాళ్ళు చేరినట్టు ఒక్క కార్డు ముక్క రాయి. కోపం వేరు, ఇది వేరు.

బాలన్న


సిరోంచ, మందిరం
14 ఆగస్టు 1986, గురువారం

ఎడతెగని వాన. పొద్దున ఎనిమిదికి నీళ్ళు మొదటి మెట్టు మీద. తెల్లారకముందే లేచి ఐదో మెట్టు పక్క గోడ మీది తారు గీతను ఉలితో చెక్కేశాను.

తమ్ముడూ, మల్లక్కా పాపా పదో తారీకున క్షేమంగా చేరారు. దగ్గు తగ్గింది. నీ ఉత్తరం మొన్న అందింది. ఆ తరువాత టపా రాలేదు, పోలేదు. ఇది ఎప్పుడు అందుతుందో తెలియదు. రిజిస్టరు వెనక కాగితాల మీద, ఆగుతూ ఆగుతూ రాస్తున్నాను.

పాపను వద్దన్నది నిన్ను దూరం పెట్టడానికి కాదు. అబద్ధపు మెట్టు మీద ఆ కాళ్ళు పెట్టలేక. నేను ముందే నిజం రాసి ఉంటే నువ్వు వాళ్ళను పంపేవాడివి కాదు. నా చెద మాటే నీ బిడ్డను ఈ నీళ్ళ దగ్గరికి తెచ్చింది. నిన్నటి నుంచి నాకు వేరే తలంపు లేదు.

ఏరు గంటకు మూడంగుళాలు ఎక్కుతోంది. నా పద్దెనిమిదేళ్ళ పనిలో ఇట్లా ఎక్కడం చూడలేదు. వెనక వాగులో నిన్న మోకాలి లోతు. అది నిండకముందే పేట ఖాళీ చేసి గట్టు మీది బడికి పోవాలి. నిన్న ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఒక్కరూ కదల్లేదు. జోగయ్య మామ నవ్వాడు. "ఏరు గీత దాకా వత్తది, మొక్కి పోతది. పరేషాన్ గాకు ఆదీ. నీకు గేజి ఎరుక, మాకు మీ అయ్య మంగయ్య మోకాళ్ళెరుక" అన్నాడు. సాయంత్రానికి అందరూ మూటలతో మందిరంలోకి ఎక్కారు. సోమక్క పాప కాళ్ళు కడగడానికి ఇత్తడి చెంబు తోమింది.

నేనే దేవుని సొమ్మును పాడుచేసేవాణ్ణా అని భయమేసింది. రాత్రి రిజిస్టరు మళ్ళీ తెరిచాను. ఖాళీ గడి చూస్తూ కూర్చున్నాను. పేజీ తడిసి అంటుకుపోయి ఉంటే విడదీశాను. వెనక వైపు పెన్సిలు రాత ఉంది. పోయినసారి నేను తిప్పి చూడలేదు. అచ్చంగా రాస్తున్నాను. నీకు నాన్న చేతిరాత కావాలన్నావు కదా.

"నీళ్లు దిగుతున్నయని చెప్పిన. ఒక్కలు నమ్మలేదు. దోనె విప్పిండ్రు. నర్సక్క పిల్లతోని దిగుతున్నది. దోనె ఆ సుడిల ఆగది. ఏం చెయ్యాల్నో తెలువక మోకాళ్ల మీద పడ్డ. ప్రభువా వీళ్లను ఆపు అన్న. ఆగిండ్రు. ఏడు గంటలది చూడలేదు."

నాన్న నీళ్ళను ఆపమని అడగలేదు బాలన్నా. మనుషులను ఆపమని అడిగాడు. మనుషులు ఆగారు. అది అద్భుతమో కాదో నువ్వు తేల్చు, నాకు చదువు లేదు. నాకు తెలిసింది ఒకటే. ఆ రోజు ఆగినవాళ్ళు బతికారు. ఈ రోజు ఆగితే చస్తారు. మనం నాన్న ప్రార్థనను వదిలేసి గీతను పట్టుకున్నాం. మోషే చేయించిన ఇత్తడి పాముకు జనం ధూపం వేస్తుంటే, తరువాత వచ్చిన మంచి రాజు దాన్ని ముక్కలు చేశాడని ఎన్నిసార్లు చదివానో. అది మన పేట గురించి అని తట్టలేదు. అందుకే ఉలి తీశాను.

చప్పుడుకు జనం బయటికి వచ్చారు. నా మీదికి వచ్చారు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. నర్సక్క నా చెంప మీద కొట్టింది.

"అది మీ అయ్య గీతరా! నీ చెయ్యెట్ల లేసిందిరా దొంగా?"

పేజీ తీసి చదివాను. మందిరంలో నేను గొంతెత్తడం అదే మొదలు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. 'నర్సక్క పిల్లతోని దిగుతున్నది' అన్నచోట ఆమె మెట్టు మీద కూలబడింది.

కొంగు చూసుకుంటూ అంది. "మీ అయ్య నా కొంగు మీద మోకాళ్ళేసిండు. గుంజితె రాలే. 'మంగన్నా, కొంగిడువు, దోనె పోతాంది' అన్న. కండ్లు మూసుకున్నడు, ఇడువలే. ఎరుక లేక ఏసిండనుకున్న. గిన్నేండ్ల సంది గట్లనే అనుకున్న."

"మల్ల ఆ దోనె ఏమైంది?" అని మల్లక్క అడిగింది.

"తాడు తెగి పోయింది బిడ్డా. ఎవలూ లేకుండ పోయింది."

నర్సక్క లేచింది. కొంగు నడుముకు చుట్టింది. మల్లక్క చేతిలోంచి పాపను తీసుకుంది. "ఇగ నడువుండ్రి. ఆనాడు ఆపినోడే ఇయ్యాల నడువమంటాండు. చూస్తరేంది?" అంది. జనం ఆమె ముఖం చూశారు, నా ముఖం చూశారు. మొదట ఆడవాళ్ళు దిగారు.

మధ్యాహ్నం మూడు గంటలు. నీళ్ళు మూడో మెట్టు మీద. వాగుకు అడ్డంగా తాడు కట్టాం. నడుం లోతు. నీ బిడ్డ నర్సక్క తల మీద గంపలో దాటింది. నేను తాడు పట్టుకుని లెక్కపెడుతూ ఉన్నాను. నా నోట్లో ప్రార్థన లేదు, లెక్కే ఉంది. గంప అవతలి గట్టు ఎక్కిందాకా ఊపిరి తీసుకోలేదు. వెనకనే మల్లక్క, సోమక్క. వాళ్ళు ముగ్గురూ బడిలో ఉన్నారు. నువ్వు ఈ వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ చదువుకో.

సాయంత్రం అయిదున్నర. నీళ్ళు నాలుగో మెట్టు మీద. వాగు ఛాతీ లోతు. తాడు ఇంకా ఉంది. అందరూ దాటారు. జోగయ్య మామ ఒక్కడే ఐదో మెట్టు మీద కూర్చుని లేవడం లేదు. ఇద్దరం ఎత్తబోతే గోడ పట్టుకున్నాడు. తోడున్నవాణ్ణి తాడు గట్టిచేయమని పంపాను.

"మామా, గీత లేదు గదా" అన్నాను.

"గీత లేకున్న మెట్టున్నది గదరా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. నిన్నటిదాకా నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. గీత పోతే నా దగ్గర ఏమీ మిగలదనుకున్నాను. మిగిలిందో లేదో తెలియదు. భయం మాత్రం ఉంది, మునుపటికంటే ఎక్కువే ఉంది. కానీ ఇప్పుడు ఆ భయం దేవునికి చెప్పుకోగలుగుతున్నాను. ఇదివరకు ఆయనకు కూడా దాచేవాణ్ణి.

బాలన్నా, మనిషిని ఆపడానికి కొంగు మీద మోకాలు పెట్టవచ్చు. లేపడానికి ఏం పెట్టాలో నాన్న రాయలేదు.

ఆరు కావస్తోంది. నాన్న ఒక గడి ఖాళీ ఉంచాడు, నేను ఇప్పటిదాకా ఒక్కటి కూడా ఉంచలేదు. ఈ రీడింగు రాసి, రిజిస్టర్లూ ఈ ఉత్తరమూ టిన్ను డబ్బాలో పెట్టి తాడుకు కట్టి పంపిస్తాను. అవతల నర్సక్క కేకలేస్తోంది, ముందు డబ్బా లాగుతుంది. తరువాత మామ చేయి పట్టుకుని

మామ ఏదో అంటున్నాడు. నీళ్ళు కాళ్ళకు తగిలినట్టున్నాయి. లేవడానికి నా వైపు చేయి చాపాడు.

సాయంత్రం ఆరు గంటలు. వాన. నీటి మట్టం